నెర్రెలమ్మ గట్టు

దిగుడుపాడు చేరిన యాత్రికులకు ముందుగా పడమటి గట్టు కనిపిస్తుంది. గోడ కట్టినట్టు నిటారుగా నిలిచిన ఆ రాతి గట్టు ఆరు కోసుల పొడవున సాగుతుంది. దాని పాదాన పొడవాటి చెరువు, ఒడ్డున వేడినీటి ఊట ఉన్నాయి. తూర్పున మాత్రం నేల వాలుగా, మెల్లగా పైకి లేస్తుంది. మూడు వందల పన్నెండు మెట్లు ఎక్కితే గట్టు అంచున నెర్రెలమ్మ తల్లి గుడి.

పూర్వం ఇక్కడ గట్టూ లేదు, చెరువూ లేదు. కంటిచూపు మేర చదును నేల. అందులో గొర్రెలు కాసుకునేవారి ఊరొకటి ఉండేది. ఆ ఊళ్లో కొమరవ్వ అనే ఆమె భర్త పోయాక మందను తానే కాసుకుంటూ బతికేది. ఊరి పెద్ద ఓదెలు ఆమెకు మరిది. మంచం పట్టిన అత్త రాజవ్వ అతని ఇంట ఉండేది.

కొమరవ్వ గొర్రెల దొడ్డి వాకిలికి తూర్పున ఒకటి, పడమట ఒకటి గుంజలు, వాటి నడుమ అడ్డకర్ర ఉండేవి. ఒకనాడు ఆ కర్ర పొట్టిదైనట్టు గుంజలకు అందక జారిపడింది. ఆమె పొడవైనది తెచ్చి పెట్టింది. రెండు నెలలకు అదీ పడింది. మూడో కర్ర కూడా పడినప్పుడు గుంజల నడుమ నేలను చూస్తే, వేలెడు వెడల్పున నెర్రె కనిపించింది. చెయ్యి పెడితే లోపలినుంచి వేడిగాలి తగిలింది.

ఆ మధ్యాహ్నం మంద పక్కన కునుకు తీస్తుండగా అమ్మవారు కలలో కనిపించి ఇలా చెప్పింది. "బిడ్డా, నా కడుపులో వేడి పైకి పొంగుతున్నది. నా మీది నేల రెండు దిక్కులకూ సాగుతున్నది. సాగిన నేల పలచనవుతుంది, పలచనైన చోటు కుంగుతుంది. మీ ఇండ్లు అక్కడే ఉన్నాయి. నెర్రె దాటి పడమటికి పొండి."

కొమరవ్వ మూడు కర్రలూ తీసుకెళ్లి ఓదెలు ముందు పక్కపక్కన పరిచింది.

"గుంజలు గట్టిగ పాతలేదేమో వదినె," అన్నాడతడు.

"గుంజలు కదలలేదు మరిది. నేలనే జరుగుతున్నది."

"జొన్న పాలకంకి మీదున్నది. నెల ఆగితే గింజ చేతికొస్తది. నడవలేని అమ్మను ఇప్పుడెక్కడికి మోసుకపోను?"

ఊరు అతని మాటే విన్నది. అయిదిండ్లవారు మాత్రం కొమరవ్వ వెంట నెర్రె దాటి పాకలు వేసుకున్నారు. పొద్దున లేవగానే ఆమె అటు తిరిగి ఊరి పొగలు చూసుకునేది.

పందొమ్మిదో నాడు తెల్లవారాక నేల అదిరింది. నెర్రెకు తూర్పున ఉన్న నేలంతా మోకాలి లోతు దిగింది. జనం పిల్లలతో, పశువులతో పడమటికి పరుగెత్తారు. వారిలో ఓదెలు లేడు. కొమరవ్వ కిందికి దూకి అతని ఇంటికి వెళ్లింది. అతడు తల్లి మంచం పట్టెను పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఒక్కడి వల్ల అది లేవడం లేదు. ఆమె ఒక్క మాటా ఎత్తిపొడవలేదు. భుజం మీది గొంగడి నేల మీద పరిచి, "అత్తను దీంట్ల పండుకోబెట్టు. అటు కొసలు నువ్వు పట్టు," అన్నది.

ఇద్దరూ రాజవ్వను మోసుకుని నెర్రె దగ్గరికి వచ్చేసరికి నేల మరోసారి దిగింది. ఎదుట నిలువెత్తు గోడ లేచింది. పైనున్నవారు తాళ్లు వదిలారు. గొంగడి నాలుగు కొసలకూ తాళ్లు కట్టి ముందు ముసలమ్మను, తరువాత వారిద్దరినీ లాగారు.

పైకి చేరాక రాజవ్వ, "జొన్న పోయిందా కొడుకా?" అని అడిగింది.

"పోయిందమ్మా. వదినె ముందే చెప్పింది, నేనే వినలేదు," అని ఓదెలు అందరి ఎదుటా తల వంచాడు.

తరువాత ఏళ్ల తరబడి ఆ నేల కొంచెం కొంచెంగా కుంగుతూనే వచ్చింది. పలక ఒక పక్కకు ఒరిగినట్టు పడమట లోతుగా, తూర్పున పైకి నిలిచింది. వాగులు దారి మార్చుకుని పల్లానికి దిగాయి. అవి తెచ్చిన గుండ్లు గట్టు పాదాన ఆగాయి, ఇసుక కొంత ముందుకు సాగింది, సన్నని ఒండ్రు చెరువు అడుగున పేరుకుంది. తన చేను మునిగిన చోటును ఓదెలు రోజూ గట్టు మీదినుంచి చూసేవాడు. ఏడో ఏట నీరు తీసిన ఒండ్రులో దిగి జొన్న చల్లాడు. ఆ పంట మనిషిని మించి పెరిగిందని చెబుతారు. అయినా పల్లంలో ఇల్లు మాత్రం ఎవరూ కట్టలేదు. నేల కింద అమ్మవారు ఇంకా ఒత్తిగిలుతూనే ఉందని పెద్దల మాట.

నేటికీ మాఘ మాసపు జాతరలో మొదటి దర్శనం నడవలేనివారిదే. వారిని గొంగడిలో పడుకోబెట్టి నలుగురు మెట్ల మీదుగా మోసుకొస్తారు. మాట వినని మరిదితో కలిసి కొమరవ్వ గొంగడి మోసిన గుర్తుగా, ఆ నలుగురిలో ఇద్దరు ఒకరితో ఒకరు మాటలు మానుకున్నవారై ఉండాలని నియమం. అడుగు కలవకపోతే గొంగడి ఒరుగుతుంది గనుక, సగం మెట్లకైనా రాకముందే "మెల్లగ", "ఆగు" అని వారు మాట్లాడుకోక తప్పదు. అలా మాట కలిసిన ఇండ్లను తల్లి చల్లగా చూస్తుందని భక్తుల నమ్మకం.