తడవని వల

కొల్లేటి లంకలో నలుగురు శిష్యులకు పాఠం చెప్పుకుంటూ ఉండే విస్సన్నగారికి, అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు లేదు. ప్రశ్న విని ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని చేసి వచ్చాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు చూద్దాం అనేవారు.

ఆయన దగ్గర రెండేళ్లుగా ఉంటున్న కామేశం ఒక సాయంత్రం అడిగాడు. "గురువుగారూ, కోపం పూర్తిగా పోయిందని మనిషికి ఎలా తెలుస్తుంది?"

అడగటంలోనే కాస్త గర్వం ఉంది. ప్లీడరు గుమాస్తాగా కచేరీల చుట్టూ తిరిగిన రోజుల్లో కామేశానికి కోపం ముక్కుమీదే ఉండేది. ఈ రెండేళ్లలో ఎవరిమీదా గొంతు పెంచి ఎరగడు.

"జాలరి నాంచారయ్య దోనెకు పన్ను అమీను గొలుసు వేశాడట. అతనికి చదువు రాదు. రేపు తోడు వెళ్లిరా," అన్నారు విస్సన్నగారు.

పొద్దున్నే ఇద్దరూ రేవుకు నడిచారు. దారిలో నాంచారయ్య జరిగింది చెప్పాడు. చేపలు పట్టి బతికేవాడి పడవకు పన్ను లేదు. సొంత రాకపోకలకో షికార్లకో ఉంచుకున్న పడవకు ఉంది. నాంచారయ్యకు ఉన్నదల్లా ఒక్క తాటిదోనె. దానిమీదే వల వేస్తాడు, దానిమీదే బతుకుతాడు. పోయిన నెలలో భార్య వెంకాయమ్మకు నొప్పులు మొదలైతే, ఆ దోనెలోనే పక్క లంకలో ఉన్న మంత్రసాని దగ్గరికి తీసుకెళ్లాడు. అది ఎవరో అమీను చెవిన వేశారు. అంతే, అది సొంత పడవ అయిపోయింది. పన్నూ జరిమానా కట్టేదాకా కదలటానికి వీల్లేదని గొలుసు వేశారు, రసీదైనా ఇవ్వలేదు. పదకొండు రోజులుగా వేట లేదు. ఇంట్లో బాలింత గంజినీళ్లు తాగి పడుకుంటోంది.

కామేశం నిదానంగా విన్నాడు. "మెల్లగా చెప్పి చూద్దాం. అమీను కూడా మనిషే కదా," అన్నాడు.

అమీను రేవు దగ్గర చావడి అరుగుమీద ఉన్నాడు. మర్యాదస్తుడే. కామేశానికి చాప వేయించాడు, మజ్జిగ ఇప్పించాడు. సంగతంతా విని చిరునవ్వు నవ్వాడు.

"స్వామీ, ఇతనిమీద నాకు పగ ఏముంటుంది? దోనెలో మనుషులు ప్రయాణం చేశారు. పోయేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ముగ్గురు. ఇక ఇది చేపల పడవ ఎలా అవుతుంది?"

బంట్రోతులు నవ్వారు. నాంచారయ్య కూడా, నవ్వకపోతే బాగుండదేమోనని, నవ్వబోయి మానేశాడు. కామేశం అది చూశాడు.

గొలుసు వేసిన దోనె పక్కనే ఒక పెద్ద పడవ కట్టి ఉంది. పచ్చరంగు వేశారు, పైన గుడ్డ పందిరి, లోపల పరుపులు. ఊళ్లో మోతుబరిది. సాయంత్రాలు చుట్టాలతో అందులో షికారు తిరుగుతాడని లంకలో అందరికీ తెలుసు.

"దానికి పన్ను వేశారా?" అని అడిగాడు కామేశం.

అమీను పద్దు తిరగేశాడు. "అది చేపల పడవ. లోపల వల ఉంది."

కామేశం దిగి వెళ్లి పరుపు కింద చెయ్యి పెట్టి వల బయటికి లాగాడు. కొత్త నూలు బిరుసు ఇంకా పోలేదు. దుకాణంవాడు చుట్టి కట్టిన పురికొస అలాగే ఉంది. తెచ్చి అమీను ముందు పెట్టి, "వాసన చూడండి," అన్నాడు.

"వల ఉండాలనే రాశారు స్వామీ, తడవాలని రాయలేదు," అన్నాడు అమీను తొణక్కుండా. తర్వాత నాంచారయ్య వైపు తిరిగాడు. "ఏరా, ఆ రోజు నీ దోనెలో వల ఉందా?"

నాంచారయ్య తల వంచుకున్నాడు. "తీసేశానండి. ఆడమనిషి పడుకోటానికి చోటు చాల్లేదు."

తను ఎప్పుడు లేచి నిలబడ్డాడో కామేశానికి తెలియలేదు. రెండేళ్లుగా ఎవరూ వినని గొంతు రేవంతా వినిపించింది.

"కాగితం తీయండి. గొలుసు వేసినట్టు ఇతనికి రసీదు ఇవ్వలేదు మీరు. ఇప్పుడివ్వండి. కారణం కూడా రాయండి. నొప్పులు పడుతున్న భార్యను మంత్రసాని దగ్గరికి చేర్చినందుకు అని రాయండి. దాని కిందే ఈ పరుపుల పడవ సంగతీ రాసి సంతకం పెట్టండి. అది పట్టుకుని జిల్లా కచేరీకి నడిచి వెళ్తాను."

బట్టలుతుకుతున్న ఆడవాళ్లు, ఒడ్డున వలలు ఆరేస్తున్న జాలర్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఈసారి బంట్రోతులు నవ్వలేదు.

అమీను కాగితం ముందు పెట్టుకున్నాడు. కలం సిరాలో ముంచాడు. నోటితో అంత తేలిగ్గా అన్న మాట రాయటానికి అతనికి చెయ్యి రాలేదు. కలం కొసన సిరా ఆరిపోయింది. మళ్లీ ముంచాడు. చివరికి తల ఎత్తకుండానే, "గొలుసు తీయండ్రా," అన్నాడు.

కామేశం తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గురువుగారి ముందు చతికిలబడి, ఏదీ దాచకుండా చెప్పాడు. "రెండేళ్ల శాంతిని ఒక్కపూటలో పోగొట్టుకున్నాను. ఇప్పటికీ కడుపు మండుతోంది. దీనికి ప్రాయశ్చిత్తం ఏమిటో సెలవియ్యండి."

"నాంచారయ్య వేటకు వెళ్లాడా?" అని అడిగారు విస్సన్నగారు.

"వెళ్లాడండి."

"మోతుబరి పడవ?"

"అది ఇంకా చేపల పడవేనండి."



"అయితే అప్పుడే చల్లారకు నాయనా," అన్నారు.