ఎవరి పోలిక?

చిదంబరయ్యగారిని ప్రశ్న అడగడానికి శిష్యులు జంకేవారు. ఆయన కోప్పడతారని కాదు. ఏది అడిగినా కూర్చున్నచోట జవాబు చెప్పరు. కండువా భుజాన వేసుకుని లేస్తారు. అడిగినవాడు వెంట నడవాలి, ఎండైనా వానైనా. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ మఠంలో అందుకే సందేహాలు తక్కువ, భక్తి ఎక్కువ అని ఊళ్ళోవాళ్ళు వేళాకోళం చేసేవారు.

ఒకరోజు పొద్దున్నే కోటిలింగం అనే శిష్యుడు వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. అతని చెల్లెలు రాజ్యానికి పెళ్ళైన చాలా ఏళ్ళకు ఆడపిల్ల పుట్టి, బారసాల కాకముందే జ్వరమొచ్చి పోయింది. కోటిలింగం ఓదార్చడానికి వెళ్ళాడు. మఠంలో నేర్చిందంతా నాలుక చివరే ఉంది కదా, "ఋణం తీరిపోయిందమ్మా, వెళ్ళిపోయింది. ఏడవకూడదు" అన్నాడు. మనవాళ్ళు చావింట్లో అలవాటుగా అనే మాటే అది. అన్నవాడికి మాత్రం హాయిగా ఉంటుంది. రాజ్యం తలెత్తి, "ఋణం తీరితే నాకు పాలెందుకు ఆగలేదన్నయ్యా?" అంది. ఆ తరువాత ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

"గురువుగారూ, ఆ ఇంటికి వెళ్ళాలంటే నాకు కాళ్ళు రావడం లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఏం మాట్లాడాలి?" అని అడిగాడు కోటిలింగం.

చిదంబరయ్యగారు కండువా అందుకున్నారు.

ఆ ఇంట్లో ఏడుపు వినబడలేదు. కోటిలింగానికి అందుకే భయం వేసింది. పసిబిడ్డల చావుకు మనవైపు పెద్ద కర్మలేమీ ఉండవు. పూడ్చిపెట్టి వచ్చి తలకు పోసుకుంటే అయిపోయినట్టే. పలకరించడానికీ ఎవరూ పనిగట్టుకుని రారు. కడుపుతో ఉన్నవాళ్ళయితే ఆ వీధిలోకే అడుగుపెట్టరు. రాజ్యం అత్త వెంగమ్మ మంచి మనిషే. చూస్తే కోడలు కుమిలిపోతుందని ఉయ్యాల చీర విప్పేసింది, పొత్తిగుడ్డలు ఎవరికో ఇచ్చేసింది, సాంబ్రాణి కుంపటి అటకెక్కించింది. బిడ్డ ఊసెత్తవద్దని కొడుకు పేరయ్యకు గట్టిగా చెప్పింది. అన్నీ సర్దేసరికి ఆ ఇంట్లో అసలు బిడ్డే పుట్టనట్టు అయింది.

గుమ్మంలో వెంగమ్మ గురువుగారికి దణ్ణం పెట్టి, గొంతు తగ్గించింది. "సామీ, అది తినదు, పడుకోదు. పొద్దస్తమానం పెరట్లో బావి గట్టు మీద కూచుంటది. నీళ్ళకేసే చూస్తా ఉంటది. పిలిస్తే పలకదు. నాకు దడగా ఉంది సామీ. చేద తాడు తీసి దాచినా. తాడైతే దాచినా గానీ, బావినెక్కడ దాచేది?"

రాజ్యం బావి గట్టు మీదే ఉంది. ఒక చెయ్యి లోపలి అంచు మీద ఆనించి ఉంది. రవిక ముందువైపు తడిసి ఉంది. దూడకు గడ్డి వేసే నెపంతో పేరయ్య అక్కడక్కడే తిరుగుతున్నాడు. ఒక్క ఉరుకులో ఆమెను అందుకునేంత దగ్గరలోనే ఉన్నాడు గానీ, పక్కకు వెళ్ళడానికి అతనికీ ధైర్యం చాలడం లేదు. కోటిలింగం పరుగెత్తి వెళ్ళి చెల్లెల్ని కిందికి లాగేద్దామనుకున్నాడు. గురువుగారు అతని చెయ్యి పట్టి ఆపారు.

ఆయన వెళ్ళి రాజ్యానికి ఎదురుగా నేలమీద కూర్చున్నారు. వేదాంతం ఏమీ చెప్పలేదు. పురిటింటికి వెళ్ళిన వాళ్ళెవరైనా అడిగే మాటే అడిగారు.

"పాప ఎవరి పోలికమ్మా?"

వెంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పేరయ్య చేతిలో గడ్డి జారిపోయింది. రాజ్యం వేళ్ళు గట్టు అంచును బిగించి పట్టుకున్నాయి. కోటిలింగానికి గురువుగారి మీద మొదటిసారి కోపం వచ్చింది. ముసలాయన కొంప ముంచారనుకున్నాడు.

రాజ్యం నీళ్ళమీంచి చూపు తిప్పి, "నోరు నాదే," అంది. గొంతు బొంగురుపోయి ఉంది. "చెవులు ఎవరివో తెలీలా. పెద్ద చెవులు. మా పుట్టింట్లో ఎవరికీ లేవు."

"మా నాయనవి," అన్నాడు పేరయ్య.

రాజ్యం తిరిగి చూసింది. అతను బిడ్డను అంత పరీక్షగా చూశాడని ఆమెకు తెలియదు. "పైన కాస్త మడత పడి ఉంటయ్, ఇట్టా. అమ్మ నీళ్ళు పోసేటప్పుడు చూశా," అంటూ తన చెవి పట్టుకుని చూపించబోయి పేరయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు. "ఆయనవే, ఆయనవే" అంటూ, కోడలు కాపురానికి రాకముందే పోయిన మొగుణ్ణి తలుచుకుని వెంగమ్మ గోడకు ఆనుకుంది. రాజ్యం గట్టు దిగి వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. "గుక్కపెట్టినప్పుడు ఎర్రగా అయ్యేవి కదా?" అని అడిగింది. అయ్యేవన్నాడు. మధ్యాహ్నం దాకా వాళ్ళు పాప గురించే మాట్లాడుకున్నారు, మాట్లాడుతూనే ఏడ్చారు. గురువుగారు వింటూ కూర్చున్నారు.

చావింటి నుంచి కదిలేటప్పుడు వెళ్ళొస్తామని ఎవరూ చెప్పరు. ఇంటివాళ్ళూ మళ్ళీ రమ్మనరు. గురువుగారు మాట్లాడకుండా లేచారు. వాకిలి దాటుతుండగా రాజ్యం వెనకనుంచి పిలిచింది.

"అన్నయ్యా, రేపొస్తావా?"

అనకూడని మాట అనేసిందని వెంగమ్మ ఉలిక్కిపడింది. కోటిలింగం గురువుగారి మొహం చూశాడు. ఆయన ఎటో చూస్తున్నారు.

"వస్తానమ్మా," అన్నాడు.

దారిలో అతనికి గుండె కాస్త తేలికపడింది. "ఏడ్చింది, మాట్లాడింది. ఇక భయం లేదు కదా గురువుగారూ?"

"ఎందుకు లేదు?" అన్నారు చిదంబరయ్యగారు నడక ఆపకుండానే. "నీ చెల్లెలు రేపటిదాకా ఆగుతానంది. రేపు ఆలస్యం చేయకు."