జగపతి దొర వాకీటాకీ

జమీలు పోయినా జగపతి దొర దర్పం పోలేదు. అడవిలో తిరగడం ఆయనకు సరదా, దారి తప్పడం అలవాటు. వెతికి తీసుకొచ్చే పని మాత్రం ఆయన దగ్గర కూలి చేసే సుక్రుది. నిన్న కూడా కొండంతా తిరిగి కేకలేసి సుక్రు గొంతు పోయింది, కాళ్లు పీకుతున్నాయి.

ఇవాళ దొర అతన్ని వెంటబెట్టుకుని పట్నంలో దుకాణానికి వెళ్లాడు. ఉన్న చోటు చూపించే జీపీఎస్, మాట్లాడుకునే వాకీటాకీ రెండూ కలిసిన చేతి పరికరం ఒకటి ఎంచుకున్నాడు.

"రెండు తీసుకోండి దొరా. నాకూ ఒకటి కావాలి," అన్నాడు సుక్రు నీరసంగా.

"కూలోడివి, నీకెందుకురా? నాకుంటే చాలు."

వాదించే ఓపిక సుక్రుకు లేదు. "సరే దొరా. కొనేముందు వీధి చివరికెళ్లి ఒకసారి నన్ను పిలిచి చూడండి."

దొర ఎండలో అంత దూరమూ నడిచాడు. పరికరం నోటి దగ్గర పెట్టుకుని పిలిచాడు, అరిచాడు, తిట్టాడు. చివరికి చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"ఎంతసేపు పిలిచానురా! పలకవేం?"

దుకాణం మెట్టు మీద కూర్చున్న సుక్రు ఖాళీ చేతులు చూపించాడు.

"దేంతో పలకమంటారు దొరా?"

దొర కాసేపు ఆ చేతులకేసి చూశాడు. "ఇంకోటి కూడా ఇవ్వవయ్యా," అన్నాడు దుకాణదారుతో.

సుక్రు గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు.