జోయా గుడ్డు, మూడు కన్నాల చెట్టు

ఒకప్పుడు పక్షులు గుడ్లమీద కూర్చునేవి కావు. గుడ్డును కరెంటు పెట్టెలో పెట్టి, ప్లగ్గు చెట్టుకు గుచ్చి, ఊరిమీద పడి తిరిగేవి. పాపం, పిల్ల బయటికొచ్చి "మా అమ్మ ఎవరండీ?" అని గూడుగూడునా అడుక్కుంటూ పోయేది.

చెట్లలో కరెంటు నింపేది మెరుపు. ప్లగ్గులకు కన్నాలు చెక్కేది వడ్రంగిపిట్టలు. ఒక్కో దేశంలో ఒక్కో రకంగా చెక్కేవి.

ఆ రోజుల్లో జోయా అనే కొంగ సైబీరియా నుంచి మన సముద్రం పక్క చింతతోపుకు పురిటికి వచ్చింది. ఒకే ఒక్క గుడ్డు పెట్టింది. దాన్ని పెట్టెలో సర్ది, ప్లగ్గు తీసి చెట్టుకు పెట్టి చూసింది. ప్లగ్గుకు రెండు పుల్లలే, చెట్టుకేమో మూడు కన్నాలు! పైగా కింది రెండూ మూసుకుని ఉన్నాయి.

బయల్దేరేటప్పుడు అక్క చెబుతూనే ఉంది, అడాప్టర్ సర్దుకోవే అని. "నాకు తెలుసులే" అన్నది తనే. ఇప్పుడు ఏడుపొచ్చింది.

తోపులో వడ్రంగిపిట్ట వీరాచారి ముక్కుమీది పొట్టు దులుపుకున్నాడు. "దానికేం తల్లీ, చింతచెక్కతో అడాప్టర్ చేసిస్తా. ఎల్లుండి రా."

"ఎల్లుండికి నా గుడ్డు చల్లబడిపోతుంది బాబాయ్!"

"నీకంటే ముందు వచ్చినవాళ్ళున్నారు కదమ్మా."

పై కొమ్మమీది కాకి కోటయ్య ఊరుకుంటాడా? "ఎల్లుండి దాకా ఎందుకు చెల్లెమ్మా? పై కన్నంలో పుల్ల దోపితే కింది రెండూ అవే తెరుచుకుంటాయి. మా ఇంట్లో అన్నీ ఇలాగే నడుస్తాయి!"

"వద్దురా కోటయ్యా!" అని వీరాచారి అరిచేలోగా వాడు పుల్లా దోపాడు, ప్లగ్గూ దోపాడు.

ఠప్పుమంది! పెట్టెలోంచి పొగ. కోటయ్య ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. ముందే నలుపు కాబట్టి ఎంత మాడాడో ఎవరికీ తెలియలేదు. తోపంతా కరెంటు పోయింది.

గూటికో తల బయటికొచ్చింది. "మీకూ పోయిందా?"

"మాకూ పోయింది."

"అయితే పర్లేదు," అనుకుని తలలన్నీ లోపలికెళ్ళాయి. తమ పెట్టెలూ చల్లబడుతున్నాయని కాసేపటికి గుర్తొచ్చింది. అప్పుడు చూడాలి గోల!

జోయా గోల పెట్టలేదు. సముద్రం మీంచి చలిగాలి కొడుతోంది. గుడ్డును తాకి చూసింది, వెచ్చదనం తగ్గిపోతోంది. పుట్టినూరు దూరం, పెట్టె కాలిపోయింది, మిగిలింది తన ఒళ్ళే. భయపడుతూనే గుడ్డుమీద కూర్చుంది.

"గుడ్డుమీద కూర్చుందర్రా! చితికిపోదూ?" అని పావురాలు పకపకా నవ్వాయి.

జోయా కదల్లేదు. తిండికి కూడా లేవలేదు. మర్నాడు కడుపుకింద టక్కుమని చిన్న కదలిక.

"తన్నింది! నన్ను తన్నింది!" అని తోపు దద్దరిల్లేలా అరిచింది.

నవ్వినవాళ్ళంతా పరుగెత్తి ఎవరి గుడ్లెక్కి వాళ్ళు కూర్చున్నారు.

మూడో రోజుకల్లా కరెంటు వచ్చింది. వీరాచారి అడాప్టరూ తెచ్చాడు. ఒక్క పక్షి లేస్తే ఒట్టు.

"అది ఆ కోటయ్యకే ఇచ్చెయ్ బాబాయ్," అంది జోయా.

అప్పటినుంచే పక్షులు గుడ్లమీద కూర్చుని పొదుగుతున్నాయి. పిల్లలు కళ్ళు తెరవగానే అమ్మను చూస్తున్నాయి. ఒక్క కోకిల మాత్రం ఆ మూడు రోజులూ ఊళ్ళో లేదు. అడాప్టర్ కాకి ఇంట్లో ఉందని ఎవరో చెప్పారట. ఇప్పటికీ తన గుడ్డు తెచ్చి అక్కడే పెట్టిపోతోంది.