పొన్నంకి పిట్టకి పాస్‌పోర్టు ఫోటో

నర్సీపట్నంలో తెలివి ఎక్కడ దొరుకుతుందని ఎవరడిగినా సన్యాసిరావు తన స్టూడియో వైపు చెయ్యి చూపించేవాడు. అది పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో. లోపల ఒక తిరుగుడు స్టూలు, వెనక ఒక తెల్ల దుప్పటి, గోడకి అద్దం, పౌడరు డబ్బా, దువ్వెన. సన్యాసిరావు ఫోటో తీస్తాడు. తమ్ముడు పైడిరాజు దుప్పటి సరిచేస్తాడు. సన్యాసిరావు భార్య వరహాలు వచ్చినవాళ్ళకి పౌడరు రాసి తల దువ్వుతుంది. ముగ్గురికీ కలిపి ఒకటే బుర్ర అని వీధిలోవాళ్ళు నవ్వేవారు. ఆ మాట విని వీళ్ళు మురిసిపోయేవారు. మిగతా ఇళ్ళలో మనిషికో బుర్ర ఉండబట్టే రోజూ తగువులు, మనకా బాధ లేదు అనుకునేవారు.

స్టూడియో పెట్టిన వాళ్ళ నాన్న పోతూ పోతూ ఒక్కటే మాట చెప్పాడు. "రెండు చెవులూ కనపడని ఫోటో మన గడప దాటకూడదురా." ఆ మాట పెద్ద అక్షరాలతో రాయించి కౌంటరు మీద వేలాడదీశారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క చెవి తప్పలేదు. ఒకసారి మఫ్లరు కట్టుకున్న ఆయన విప్పనంటే, ఆయన్ని సాయంత్రం దాకా కూర్చోబెట్టారు గాని ఫోటో తియ్యలేదు.

అలాంటి స్టూడియోకి గడ్డురోజులొచ్చాయి. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, స్టూలు మీద దుమ్ము పడింది. ఇక షట్టరు దించెయ్యడమే అనుకుంటుండగా ఆడపిల్లల బడి హెడ్మిస్ట్రెస్ సుభాషిణి గారు వచ్చారు.

"మా బడి గోడకి నిలువెత్తు ఫోటో ఒకటి కావాలి. మన కొండల్లో తిరిగే పొన్నంకి పిట్టది. ఒంటి మీద తొమ్మిది రంగులుంటాయట. మీరు స్వయంగా వెళ్ళి తియ్యాలి. అది బాగా వస్తే ఇక ఏటా మా బడి ఫోటోలన్నీ మీకే" అన్నారు.

ఇంకేముంది, ముగ్గురూ ఎగిరి గంతేశారు. ఆరువందల మంది పిల్లలు, పన్నెండువందల చెవులు. స్టూడియో బతికిపోయినట్టే.

చింతపల్లి పైన కొండల్లో పిట్టల్ని చూపించే గైడు ఒకావిడ ఉంది. పేరు పాంగి దేముడమ్మ. ఏ చెట్టు కింద ఏ పిట్ట ఎప్పుడు దిగుతుందో ఆమెకి కొట్టినపిండి. సన్యాసిరావు ఆమెకి ఫోన్ చేశాడు.

"తొలకరి పడింది, పిట్ట వచ్చీసింది బాబూ, రండి" అంది దేముడమ్మ. "ఎర్రవీ తెల్లవీ కట్టుకుని రాకండి, బెదిరిపోద్ది. ఆకుల్లో కలిసిపోయినట్టు ఉండాల."

అంతే. వరహాలు సంతకి పోయి అడ్డాకులు కట్టలు కట్టలుగా తెచ్చింది. రెండు రోజులు కూర్చుని విస్తళ్ళు కుట్టినట్టు పుల్లలతో కుట్టి, ముగ్గురికీ మెడ నుంచి మోకాళ్ళ దాకా ఆకుల అంగీలు తయారుచేసింది. స్టూలూ, తెల్ల దుప్పటీ, పౌడరు డబ్బా మూట కట్టారు. తెల్లది కట్టుకోవద్దన్నారు గాని మొయ్యొద్దనలేదు కదా అన్నాడు పైడిరాజు. నిజమే మరి. బస్సు కండక్టరు వాళ్ళని చూసి, పెళ్ళి భోజనాలకి పోతున్న విస్తళ్ళనుకుని టాపు మీదకి ఎక్కించమన్నాడు.

కొండ ఊళ్ళో దిగారో లేదో, ఒక మేకల మంద ఎదురొచ్చింది. మేకలకి ఇంతకంటే ఏం కావాలి. ముగ్గురి చుట్టూ మూగి పరపరా మెయ్యడం మొదలుపెట్టాయి. దేముడమ్మ కర్ర పుచ్చుకుని పరుగెత్తుకొచ్చేసరికి పైడిరాజు వీపు మీద రెండు విస్తళ్ళ మేర ఖాళీ అయిపోయింది.

"అలా నిలబడిపోయారేటి బాబూ, తోలొచ్చు కదా" అంది.

"ఆకులు మేకల్ని తోలతాయా అమ్మా" అన్నాడు సన్యాసిరావు జాలిగా.

దేముడమ్మ అతన్ని ఒకసారి పైకీ కిందికీ చూసింది. పట్నం వాళ్ళు, కొత్త కదా, సర్దుకుంటారులే అనుకుంది. పాపం, మంచి మనిషి.

అడవిలో అడుగుపెట్టే ముందు ఇంకోమాట చెప్పింది. "వాన పడింది, నేలంతా జారుడు. పాములుంటాయి, ముళ్ళుంటాయి. నేనెలా నడిస్తే మీరూ అలాగే నడవండి. నా వెనకాలే రండి."

నడిచారు. ఆమె వంగితే వంగారు. ఆమె పక్కకి తిరిగితే తిరిగారు. ఇంతలో దేముడమ్మ కాల్లో ముల్లు దిగింది. ఒంటికాలి మీద రెండు గెంతులు గెంతి, రాయి మీద కూర్చుని ముల్లు పీకి పారేసింది. వెనక్కి తిరిగి చూస్తే ఏముంది. సన్యాసిరావు కెమెరాతో, పైడిరాజు స్టూలుతో ఒంటికాలి మీద గెంతుతూ వస్తున్నారు. వరహాలు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని తుప్పల్లో వెతుకుతోంది.

"ఏటి వెతుకుతున్నావు తల్లీ?"

"ఆ ముల్లు ఎటు పారేశారమ్మా? మా ముగ్గురికీ గుచ్చుకోవాలి. ఒక్కటే ఉంది కాబట్టి వంతులేసుకుంటాం."

దేముడమ్మ నుదురు కొట్టుకుంది. అంతే, వెనక ముగ్గురూ టపటపా నుదుళ్ళు కొట్టుకున్నారు. వెర్రి వెయ్యి విధాలంటారు, ఆమె ఆ ఒక్కరోజే అందులో సగం చూసింది.

చివరికి వాగు పక్కన ఒక వెదురు పొద దగ్గర ఆగారు. కింద ఎండుటాకుల పరుపు. పొన్నంకి పిట్ట నేల మీద గెంతుతూ ఆ ఆకులు తిరగేసి పురుగులు ఏరుకుంటుందట. దేముడమ్మ గొంతు తగ్గించి, "ఇక్కడ కూర్చోండి. పిట్టొస్తే నేను చెయ్యి ఊపుతాను. అప్పుడు మీరు స్టూడియోలో ఎలా తీస్తారో అలా నిదానంగా తియ్యండి. తొందరపడకండి" అంది.

ఆ మాట ఆమె అనకుండా ఉండాల్సింది.

పిట్ట వచ్చింది. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం మెరుపు, పొట్ట కింద ఎర్రటి పట్టె, కంటికి కాటుక గీత. చూస్తుంటే కడుపు నిండిపోతుంది. దేముడమ్మ చెయ్యి ఊపింది.

ఇంకేముంది, స్టూడియో మొదలైంది. పైడిరాజు లేచి వెళ్ళి పిట్ట వెనకాల దుప్పటి విప్పి దులిపాడు. వరహాలు స్టూలు పట్టుకెళ్ళి పిట్ట ముందు పెట్టి, పౌడరు డబ్బా మూత తీసి, "రండి, కూర్చోండి. కొంచెం తల వెనక్కి దువ్వుకుంటారా?" అని మర్యాదగా అడిగి దువ్వెన ముందుకి చాపింది. సన్యాసిరావు కెమెరా వెనక నుంచి, "గడ్డం కొంచెం కిందికి. పళ్ళు కనపడనీకండి. కదలకండి" అన్నాడు.

పిట్ట కదిలింది. ఎంత కదిలిందంటే, వాగు దాటి అవతలి కొండకి పోయింది.

"మీకేమైనా మతి ఉందా?" అంది దేముడమ్మ. ఆమెకి నిజంగా ఏడుపొచ్చింది. పొద్దుట నుంచీ ఒంటికాలి మీద నడిపించిన కష్టమంతా మట్టిలో కలిసింది.

"ఉందమ్మా, ఒకటి. ముగ్గురం వాడుకుంటాం" అన్నాడు పైడిరాజు.

అయితే సన్యాసిరావు మొహం మాత్రం వాడిపోయింది. పిట్ట ఫోటో లేదంటే బడి లేదు. బడి లేదంటే స్టూడియో లేదు. నాన్న పెట్టిన స్టూడియో, చేతులారా మూసుకోవాలి. అతనికి వేరే పని రాదు. ఆ మాట పైకి అనేశాడు కూడా. అది విని దేముడమ్మ కోపం చల్లారింది.

ఇంతలో దబదబా వాన. తుప్పల మీంచి నేల దాకా పరుచుకున్న దుప్పటీ, దాని ముందు స్టూలూ ఎక్కడివక్కడ వదిలేసి నలుగురూ వెదురు పొద కిందకి దూరారు. ఆకుల అంగీలు నాని ఊడిపోయాయి. తల ఎత్తే ఓపిక ఎవరికీ లేదు. వాన వెలిసింది, ఎండ కాసింది. పుట్టల్లోంచి ఉసిళ్ళు లేచాయి. తెల్లగా మెరుస్తున్న దుప్పటి చూసి వచ్చి దాని నిండా వాలాయి.

ఉసిళ్ళున్న చోటికి పిట్ట రాకుండా ఉంటుందా. వచ్చింది. దుప్పటి మీద టకటకా గెంతింది. నాలుగు ఉసిళ్ళు మింగింది. ఇంకొకటి స్టూలు మీద వాలితే దాని వెనకే ఎగిరి స్టూలెక్కింది. వెనక తెల్లగా దుప్పటి. మెడ నిక్కించి తిన్నగా సన్యాసిరావు వైపు చూసింది.

దేముడమ్మ ఈసారి చెయ్యి ఊపలేదు, నోరు విప్పలేదు. పక్కనున్న ఇద్దరి మెడలూ పట్టుకుని కదలకుండా అదిమింది. సన్యాసిరావు చేతిలో కెమెరా ఉంది, ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ప్రాణి ఉంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. క్లిక్.

అలాంటి ఫోటో ఆ కొండల్లో ఎవరూ తియ్యలేదని దేముడమ్మే అంది. తొమ్మిది రంగులూ లెక్కపెట్టుకోవచ్చు. ఆమె సంతోషంతో ముగ్గురికీ రాగి అంబలి పోసి బస్సెక్కించింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.

స్టూడియోకి వచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూశారు. వరహాలు గుండెలు బాదుకుంది.

"ఏవండీ, చెవులేవి?"

ఎంత పెద్దది చేసినా చెవులు లేవు. ముగ్గురూ తలెత్తి నాన్న మాట చదివారు. రెండు చెవులూ కనపడని ఫోటో గడప దాటకూడదు. సన్యాసిరావు వెంటనే దేముడమ్మకి ఫోన్ చేశాడు.

"పిట్ట చెవులు ఈకల కిందుంటాయి బాబూ, బయటికి కనపడవు" అందామె.

"చూశారా, దాచేసింది. తల దువ్వుకోమని నేను చెప్తూనే ఉన్నాను" అంది వరహాలు.

ఇక ఆలోచించడానికేముంది. కంప్యూటర్లో చెవులు వెతికారు. ఉన్నవాటిలో పెద్దవీ, స్పష్టంగా కనపడేవీ సన్యాసిరావువే. వాటిని కత్తిరించి పిట్ట తలకి అటొకటి ఇటొకటి చక్కగా అతికించారు. కుడి చెవిలో ఇత్తడి పోగు కూడా అలాగే ఉంచేశారు. నాన్న మాట నిలబడింది. నిలువెత్తు ఫోటో గడప దాటింది.

బడిలో పిల్లలందరి ముందూ తెర తీశారు. ఆరువందల మందీ కడుపులు పట్టుకుని నవ్వారు. సుభాషిణి గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. చెవులు అక్కడే ఉన్నాయి.

"ఈ చెవులు ఎవరివండీ?"

"నావేనండి" అన్నాడు సన్యాసిరావు వినయంగా.

"పిట్ట ఎంత బాగుందో చెప్పలేను. ఆ చెవులు మాత్రం తీసేసి రేపు తీసుకురండి. అప్పుడే బడి ఫోటోలు మీకు. చెవులుంటే మాత్రం లేదు."

ఫోటో మోసుకుని స్టూడియోకి వచ్చి ముగ్గురూ కూలబడ్డారు. చెవులు తీస్తే నాన్న మాట పోతుంది. తియ్యకపోతే బడి పోతుంది. పైడిరాజు చాలాసేపు తల గోక్కుని, చివరికి మొహం వెలిగిపోతూ లేచాడు.

"అన్నయ్యా, టీచరు గారు ఫోటోలో చెవులని అన్నారా? ఎవరివని అడిగారు. నావన్నావు. అవి తీసేసి రమ్మన్నారు. పిట్టకి చెవులుంటాయి కాబట్టి నాన్న మాట ఉంటుంది. నీకు చెవులుండవు కాబట్టి టీచరు గారి మాట ఉంటుంది."

సన్యాసిరావు ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. అంతే, రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుని మెయిన్ రోడ్డు వెంట పరుగు లంకించుకున్నాడు. వెనకాల ఫోటోలు కత్తిరించే కత్తెరతో పైడిరాజు. అతని వెనకాల పౌడరు డబ్బాతో వరహాలు.

"ఏవండీ, ఒక్క నిమిషం పనే. గడ్డం కొంచెం కిందికి. చెవులు రెండూ కనపడాలి. కదలకండి" అని కేకేసింది.

ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది. సన్యాసిరావు నడిరోడ్డు మీద టక్కున ఆగి, చేతులు దించి, గడ్డం కిందికి పెట్టి, పళ్ళు కనపడకుండా నోరు మూసుకుని కదలకుండా నిలబడ్డాడు.