రాజుగారి గడ్డం, సంతలో తుపాకీ

ఒకానొక రాజ్యంలో రణభీకరుడనే రాజుగారు ఉండేవారు. ఆయనకొక మీసం ఉండేది. ఆ ఇద్దరిలో రాజ్యం ఏలేది ఎవరో చెప్పడం కష్టం.

ఆ రాజుగారు ఒక శాసనం చేశారు. కోటలోని ఆయుధశాలలో తుపాకీ కొనాలంటే, కొనేవాడి ఊరిపెద్ద వచ్చి ‘ఈ మనిషికి నేను పూచీ’ అని చెప్పాలి. మంచి శాసనమే. కాని కోట గుమ్మం దాటితే వారపు సంత. అక్కడ పాత తుపాకులు వంకాయల పక్కనే పెట్టి అమ్మేవారు. కొనేది ఎవడో అడిగే నాథుడే లేడు. వీధి తలుపుకు తాళం బిగించి, పెరటి తలుపు బార్లా తీసిపెట్టినట్టు! ఈ మాట విన్నవించి విన్నవించి, ఆస్థానంలో చమత్కారిగా పేరున్న కూర్మన్నకు ప్రాణం విసిగిపోయింది.

ఒకనాడు సూరమ్మ అనే కాపు ఇల్లాలు కొలువుకు పరుగెత్తుకొచ్చింది.

“మారాజా, మా మరిది దాసప్ప తాగితే మనిషి కాడు. గట్టు తగాదాలో నా మొగుణ్ణి కాల్చి చంపుతానని ఊరంతా వినేట్టు అరిచాడు. ఊరిపెద్ద పూచీ పడనన్నాడు, ఆయుధశాలలో తుపాకీ ఇవ్వలేదు. ఎల్లుండి సంతలో కొంటాడంట!”

రాజుగారు మీసం దువ్వుకున్నారు. “చూడమ్మా, సంతలో ఒక పెద్దమనిషి తన సొంత వస్తువు ఇంకో పెద్దమనిషికి అమ్ముకుంటాడు. నడుమ మనం దూరి నువ్వెవరు, ఏ ఊరు అని అడిగితే మర్యాదగా ఉంటుందా?”

“పూచీ ఉన్నవాడికి అడిగితే నష్టమేముంది ప్రభూ?” అన్నాడు కూర్మన్న.

“మళ్లీ మొదలుపెట్టావా!” అని రాజుగారు కొలువు చాలించి లేచిపోయారు. సూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కూర్మన్నకు ఒళ్లు మండిపోయింది.

మర్నాటి పొద్దున రాజుగారు క్షౌరానికి కూర్చున్నారు. తరతరాలుగా ఒకే ఇంటివాళ్లు ఆయన వంశానికి గడ్డం గీసేవారు. ఆ ఇంట పుట్టిన వీరాస్వామికైనా, పని అప్పగించేముందు పెద్దలు పూచీ పడాల్సి వచ్చింది. రాజుగారు కళ్లు మూసుకుని మెడ వెనక్కి వాల్చారు. గడ్డం తడిసింది. గొంతుకు చల్లగా కత్తి ఆనింది.

చెయ్యి మాత్రం కొత్తగా తోచింది. కళ్లు తెరిస్తే ఎదురుగా వీరాస్వామి కాదు, గుబురు కనుబొమలవాడు, భారీ మనిషి. పక్కనే చేతులు కట్టుకుని కూర్మన్న.

“ఎ... ఎవరితను?”

“తెలియదు ప్రభూ. వీరాస్వామిని ఇవాళ్టికి ఇంట్లో ఉండమన్నాను. ఈయన దగ్గర కత్తి ఉంది, తమకు గడ్డం ఉంది. కుదిరింది కదా అని తీసుకొచ్చాను.”

“ఏ ఊరు?”

“అడిగితే నొచ్చుకుంటాడేమోనని ఊరుకున్నాను.”

“హంతకుడైతేనో?”

“అయితే అయ్యుండొచ్చు ప్రభూ. కత్తి సంతలోనే కొన్నాట్ట. అమ్మినవాడూ ఏమీ అడగలేదట. పెద్దమనిషికీ పెద్దమనిషికీ నడుమ మనం దూరడం మర్యాదా?”

“ముందా కత్తి తియ్యమనవయ్యా! పూచీ లేనివాణ్ణి నా గొంతు దాకా రానిస్తావా? బుద్ధుందా?”

కూర్మన్న ముఖంలో నవ్వు పోయింది. “నిన్న సూరమ్మ అడిగిందీ ఈ పూచీయే ప్రభూ. ఆమె మొగుడికీ గొంతుంది.”

కత్తి పక్కకు తప్పుకుంది. రాజుగారి గడ్డం నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఆయన ఆ తడిగడ్డంతోనే దండోరా వేయమని కబురు పంపారు: సంతలోనైనా, ఇంటి అరుగు మీదనైనా, కొనేవాడి ఊరిపెద్ద పూచీ పడనిదే తుపాకీ చేయి మారడానికి వీల్లేదు.

సంతనాడు దాసప్ప అంగడి అంగడీ తిరిగాడు. ప్రతి ఒక్కడూ పూచీ అడిగాడు. తిట్టినంతసేపు తిట్టి, చివరికి తుపాకుల పక్కనున్న వంకాయలు కొనుక్కుని ఇంటికి పోయాడు. సాయంత్రం సూరమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి దణ్ణం పెట్టింది.

రాజుగారు కూర్మన్నను దగ్గరికి పిలిచారు. “ఇప్పుడైనా నిజం చెప్పు. ఎవరయ్యా అతను?”

“మా బావమరిది ప్రభూ. చీమ కనిపిస్తే పక్కకు తప్పుకునే మనిషి. తమ గొంతుకు ఆనించింది కత్తి మొద్దు వైపే. అయినా ఊళ్లో నలుగుర్నీ విచారించాకే తీసుకొచ్చాను.”

“సొంత బావమరిది గురించి కూడానా?”

“గొంతు తమది కదా ప్రభూ!”

రాజుగారు మీసం అదిరేలా నవ్వారు. నవ్వుతూనే తన చేతి బంగారు కడియం తీసి కూర్మన్నకు తొడిగారు. “ఇకమీదట ఇలాంటిది ఉంటే నేరుగా చెప్పవయ్యా, వింటాను.”

“వినండి ప్రభూ, తమకు పుణ్యముంటుంది” అన్నాడు కూర్మన్న నీరసంగా. “రాజ్యంలో గొంతులు చాలా ఉన్నాయి. నాకున్నది ఒక్కడే బావమరిది.”