నూకాలు నేసిన వల

నల్లరాతికొండ అడవిలో జంతువులన్నిటి దగ్గరా ఫోన్లుండేవి. ఎవరు చూసింది వాళ్ళు వీడియో తీసుకునేవాళ్ళు. ఎలుగుబంటి సింహాద్రి తేనెపట్టు దించడం తీసేవాడు. లేడి దాలమ్మ తన కూన గెంతులు తీసేది. కాకపోతే ఒకరు తీసింది మరొకరు చూడాలంటే కొండంతా ఎక్కి దిగాల్సి వచ్చేది.

అది చూసి సాలీడు నూకాలు చెట్టు నుంచి చెట్టుకు దారాలు లాగి వల అల్లింది. ఎవరు వీడియో పెట్టినా ఆ దారాల మీదుగా అందరికీ చేరేది. ప్రతి ఫోనులోనూ ఒక నకలు ఉండిపోయేది. నేత ఎలాగో అడిగినవాళ్ళందరికీ నేర్పింది నూకాలు.

"గుట్టంతా చెప్పేస్తున్నావేంటి పిన్నీ?" అన్నాడు సింహాద్రి.

"నా ఒక్కదాని దగ్గరే ఉంటే నాతోపాటే వలా పోతుందిరా. మీ చెట్టు దగ్గర తెగితే మీరే ముడేసుకోండి. నేనడిగేది అదొక్కటే."

రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెల వానలు విడవకుండా పట్టాయి. రోజూ ఎక్కడో ఒకచోట దారం తెగేది. పైగా ఫోన్లన్నీ నిండిపోయాయి. అందరూ విసిగి ఉన్నప్పుడు నక్క పైడయ్య వచ్చాడు.

"ఎందుకర్రా మీకీ తిప్పలు? నా గుహలో పెద్ద తెర పెట్టాను. దాని మీద వేసేవి మీ ఫోనుల్లో కనబడేట్టు మీ ఇళ్ళకి తీగ నేనే లాగుతా. వీడియోలన్నీ నాకు పంపండి, భద్రంగా దాస్తా. పంపిన మరుక్షణం మీ ఫోనులో చెరిగిపోయేట్టు సర్దుతా, ఖాళీ అవుతుంది."

"దాచేవాడే చెరిపేస్తే ఎవరినడుగుతారు?" అంది నూకాలు.

"నీ వల ఎవరికీ అక్కర్లేదని కుళ్ళు నీకు!" పైడయ్య అనగానే అందరూ నవ్వారు.

దాలమ్మ మాత్రం నొచ్చుకుంది. "ఏమనుకోకు పిన్నీ. కూనని చూసుకోవాలి, ముళ్ళేసే ఓపిక నాకు లేదు."

నెల తిరిగేసరికి వల పీలికలైంది.

ఎండాకాలం వాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలింది. మడుగు దగ్గర ఎవరూ వేటాడకూడదని అడవంతా మాట అనుకున్నారు. ఒక మధ్యాహ్నం కూన నీళ్ళు తాగుతుంటే దాలమ్మ అవతలి గట్టు మీంచి వీడియో తీస్తోంది. మూడు తోడేళ్ళు పొదలోంచి వచ్చి కూన మీద పడ్డాయి. ఆమె అరిచే లోపే అయిపోయింది.

అడవంతా చూడాలని ఆ వీడియో గుహకి పంపింది. తెర మీదికి రాలేదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి పైడయ్యని అడిగింది.

"అందులో నెత్తురుందమ్మా. అలాంటివి నా తెర మీద వెయ్యను."

"ఆ నెత్తురు నా బిడ్డది! వెయ్యకపోతే పోనీ, నాది నాకు తిరిగి ఇచ్చెయ్యి."

"చెరిపేశాను."

"మరి పాతవి? వాడు గెంతినవి?"

"నా తెరని రచ్చకి వాడుకునేవాళ్ళవి ఏవీ ఉంచను," అని పైడయ్య లోపలికి వెళ్ళిపోయాడు.

దాలమ్మ మొర విని మర్నాడు ఏనుగు పెద్దమ్మ పంచాయతీ పెట్టింది. పెద్ద తోడేలు తాపీగా వచ్చి నిలబడింది. "నేను మడుగు వైపే వెళ్ళలేదు. చూసినట్టు రుజువుంటే చూపించమనండి."

"నాకేమీ అందలేదు," అన్నాడు పైడయ్య, తల ఎత్తకుండా.

ఏనుగు దాలమ్మ వైపు తిరిగింది. "నిన్ను నమ్ముతున్నానే తల్లీ. కానీ రుజువు లేకుండా శిక్ష వెయ్యలేను."

తోడేళ్ళు తలెత్తుకుని వెళ్ళిపోయాయి. ఆ వారం నుంచి నక్క వేటకి వెళ్ళడం ఎవరూ చూడలేదు. మాంసం గుహ దగ్గరికే వచ్చేది.

సింహాద్రి సిగ్గుపడుతూ నూకాలు దగ్గరికి వెళ్ళాడు. "మళ్ళీ అల్లు పిన్నీ. ఈసారి ముళ్ళు నేనే వేస్తా."

"అల్లుతాను."

"కూన వీడియోలు వస్తాయా?"

"ఎవరి ఫోనులోనైనా ఒక్క నకలుంటే వస్తాయి."

సింహాద్రి ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. కుందేళ్ళు, దుప్పులు, కోతులు అందరూ ఫోన్లు తెరిచి చూసుకున్నారు. అన్నీ ఖాళీ. తిరిగొచ్చి ఆ మాటే దాలమ్మకి చెప్పాడు. ఆమె ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే కొండ దాటి వెళ్ళిపోయింది. ఉండమని అడిగే ముఖం ఎవరికీ లేకపోయింది.

నీతి: అందరూ కలిసి కాపాడుకోవాల్సినదాన్ని ఒకరి గుప్పిట్లో పెడితే, ఏది మిగలాలో ఆ ఒక్కరే తేలుస్తారు.